చేతిలో డబ్బు తక్కువ, ఇంట్లో హోమ్ థియేటర్ పాతది: ఎప్పుడు మార్చాలి, ఏది మార్చాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో హోమ్ థియేటర్ గురించి వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. సముద్రపు గాలి, హెచ్చుతగ్గుల కరెంటు, శ్లాబు ఇళ్ల ప్రతిధ్వని, సర్వీసు సెంటరంటే విశాఖ దాకా మోసుకుపోవడం. ఈ నాలుగూ కలిసేసరికి మహానగరాలవాళ్ల కోసం రాసిన సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నల్ని అడిగిన మాటల్లోనే పెట్టి జవాబులు రాశాం. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది, కాబట్టి కావలసిన చోట మొదలుపెట్టండి.

## కొనాలా, వద్దా అని తేల్చుకునే ముందు

మార్చే టైమ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ఇప్పుడున్న సెట్టు ఏ పని చేయలేకపోతోందో ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. "టీవీలో యాప్ తెరుచుకోవడం మానేసింది", "సబ్‌ఊఫర్ (బేస్ మోగించే డబ్బా) కోను చిరిగింది", "ఓటీటీలో 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్) వస్తున్నా నాకు రెండు స్పీకర్లే మోగుతున్నాయి". ఇలాంటి వాక్యం వస్తే లోటు నిజమే. దానికి మందు ఒక్కోసారి కొనడం, ఒక్కోసారి వంద రూపాయల కేబులు. "పాతబడిపోయింది", "బావగారింట్లోది బాగుంది" అని తప్ప ఇంకేమీ రాయలేకపోతే ఒక నెల ఆగండి. ఆ నెలలో స్పీకర్ల చోటు మార్చండి, వైర్ల కొసలు కొత్తగా ఒలవండి, సెట్టింగులు సరిచేయండి. సగం మందికి అక్కడే ఆశ చల్లారుతుంది.

పాటలు అదిరిపోతన్నాయి గానీ మాటలే వినపడట్లేదు. కొత్త సెట్టు కొనాల్నా?

దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. 5.1లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్లోంచే వస్తాయి. దాన్ని షోకేసు అరలో లోపలికి తోసి, ముందు రెండు ఫొటో ఫ్రేములు పెడితే మాట గోడలకి తగిలి ముద్దయిపోతుంది. స్పీకరు ముఖం అర అంచుకి సమానంగా వచ్చేలా ముందుకి లాగండి. టీవీ కింద ఉంటే ముందు భాగం కింద రబ్బరు ముక్క పెట్టి, కూర్చున్నవాళ్ల చెవి వైపు కాస్త పైకి వంచండి.

తర్వాత రిసీవరు (స్పీకర్లన్నిటికీ సౌండు పంచే పెట్టె) మెనూలో మధ్య స్పీకరు లెవెల్ 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి. నైట్ మోడ్, డైనమిక్ రేంజ్ కంప్రెషన్ అని ఉంటే ఆన్ చేయండి. అది పేలుళ్లని తగ్గించి మాటల్ని పైకి తెస్తుంది. ఇంకొకటి చాలామంది చూడరు: మీ దగ్గర ఉన్నవి రెండే స్పీకర్లయితే, టీవీలోనూ, స్ట్రీమింగ్ స్టిక్ (టీవీకి గుచ్చి యాప్‌లు చూసే చిన్న పరికరం)లోనూ సౌండ్ ఔట్‌పుట్ స్టీరియో లేదా పీసీఎం అని ఉండాలి. 5.1 అని వదిలేస్తే కొన్ని పరికరాల్లో మధ్య చానల్ సగం మాయమవుతుంది. ఇవన్నీ చేశాక కూడా మాట గరగరలాడితే అప్పుడు మధ్య స్పీకరు ఒక్కటే మార్చండి, సెట్టంతా కాదు.

హాల్లో అంతా గోలగోలగా, గుడిలో మైకులా ఉంటంది. స్పీకర్లు పాడయ్యాయా?

హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. వెనకాలే "ట్రింగ్" మని సాగితే తప్పు గదిది. పైన శ్లాబు, కింద టైల్స్, చుట్టూ పుట్టీ పెట్టిన నున్నటి గోడలు. ఎంత ఖరీదైన స్పీకరైనా ఈ గదిలో అరుస్తుంది. స్పీకర్లకీ సోఫాకీ మధ్య నేల మీద కనీసం 4 అడుగులకి 6 అడుగుల మందపాటి జంపఖానా పరవండి. సోఫా వెనక గోడకి మందమైన కర్టెన్ మడతలు పడేలా, గోడ వెడల్పుకి రెట్టింపు గుడ్డతో వేలాడదీయండి. ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంతలుంటే ఇంకా మంచిది. పక్క గోడ మీద ఒకటి కట్టి మళ్లీ చప్పట్టు కొట్టి చూస్తే తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది.

గుడ్లట్టలు గోడకి అంటించకండి. అవి సన్నని ఈల లాంటి శబ్దాన్ని కొంచెం తగ్గిస్తాయేమో గానీ మిగతాదానికి పనికిరావు, పైగా బొద్దింకలకి ఇల్లు కట్టించినట్టు.

టీవీ ఫుల్ హెచ్‌డీనే. 10 అడుగుల దూరం నుంచి చూస్తాం. 4కే తీసుకుంటే తేడా తెలుస్తుందా?

చుక్కల లెక్కన అయితే తెలియదు. మామూలు కంటిచూపుకి 43 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా సుమారు ఐదున్నర అడుగుల లోపల కూర్చుంటేనే కనబడుతుంది. 55 అంగుళాలకి 7 అడుగులు, 65కి ఎనిమిదిన్నర, 75కి 10 అడుగుల లోపు. కొత్త టీవీలో మీకు బాగుందనిపించేది ఎక్కువగా వెలుగు, నలుపు, రంగులే. ఆ మూడూ చౌక 4కే టీవీల్లో అంతంత మాత్రం. పెట్టె మీద హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపేది) అని రాసి ఉంటుంది, కానీ తెరకి అంత వెలుగు ఉండదు.

పాత టీవీ బాగానే ఉంటే సోఫాని రెండడుగులు ముందుకి జరపండి. దానికి ఖర్చు లేదు.

వాట్లు ఎక్కువున్నది కొంటే సౌండు పెరుగుద్దా?

పీఎంపీఓ అని రాసిన అంకెని అసలు చూడకండి, అది అమ్మకం కోసం వేసే అంకె. ఆర్‌ఎంఎస్ అంకె (ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు) చూడండి, అదీ 8 ఓమ్స్ (స్పీకరు కరెంటుకి చూపే నిరోధం) దగ్గర రెండు చానళ్లూ కలిసి మోగుతున్నప్పటిది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, అంటే చెవికి కొద్దిపాటి తేడా. చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు పది రెట్లు కావాలి. అదే 50 వాట్ల యాంప్లిఫయర్‌తో, 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకి ఇచ్చే సౌండు) ఉన్న స్పీకర్ల బదులు 89 ఉన్నవి పెడితే 100 వాట్లు కొన్నంత ఫలితం. 12 అడుగులకి 15 అడుగుల హాలుకి చానలుకి నిజమైన 40, 50 వాట్లు చాలు.

## బాగు చేయించాలా, వదిలేయాలా

రిపేరు ఎంత దాకా అయితే చేయించుకోవచ్చు?

అదే పని చేసే కొత్త వస్తువు ధరలో మూడో వంతు దాటితే వద్దు. రిపేరు ఖర్చులో విశాఖ రానుపోను ఛార్జీలు కూడా కలపండి. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైమాటే, విజయనగరం నుంచి దాదాపు 60. పైగా ఇవ్వడానికొకసారి, తెచ్చుకోవడానికొకసారి. ఈ లెక్కకి మినహాయింపు స్పీకర్లు. మంచి చెక్క డబ్బా, మంచి డ్రైవర్లు ఉన్న స్పీకరు పాతికేళ్లయినా బాగు చేయించుకోదగ్గదే. చిప్పులు, సాఫ్ట్‌వేరు ఉన్నవి అలా కాదు. స్మార్ట్ టీవీ బోర్డు, డిస్క్ ప్లేయరు, వైర్‌లెస్ సబ్‌ఊఫర్ ఉన్న సౌండ్‌బారు (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు) గ్యారంటీ దాటాక రిపేరుకి వస్తే ఆలోచించి అడుగేయండి.

రిసీవరు ఆన్ చేయగానే "ప్రొటెక్ట్" అని వచ్చి ఆగిపోతంది. పోయినట్టేనా?

ముందే నిర్ణయించకండి. ప్లగ్గు తీసి, వెనక స్పీకర్ వైర్లన్నీ పీకేయండి. పది నిమిషాలు ఆగి ఆన్ చేయండి. ఆగకుండా నిలబడితే రిసీవరు బాగున్నట్టే, తప్పు వైర్లలోనో స్పీకర్లలోనో ఉంది. ఆపి ఒక్కో స్పీకరూ కలుపుతూ చూడండి. ఏది కలిపితే ఆగిందో అక్కడ వెతకండి. చాలాసార్లు దొరికేది ఒకటే: ఎర్ర పిన్ను దగ్గరి రాగి పోగు ఒకటి బయటికొచ్చి నల్ల పిన్నుని తాకుతుంటుంది. వైరు ఒక సెంటీమీటరు మాత్రమే ఒలిచి, పోగులన్నీ మెలితిప్పి బిగించండి.

స్పీకర్లేవీ కలపకపోయినా ఆగిపోతుంటే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లో పవర్ సప్లయో పోయి ఉంటుంది. అప్పుడు మెకానిక్కు దగ్గరికే. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం వల్ల నష్టం పెరుగుతుంది.

ఒక స్పీకరు మోగట్లేదు. పోయింది స్పీకరా, యాంపా?

ఎడమ, కుడి వైర్లు రిసీవరు దగ్గర తారుమారు చేయండి. మౌనం ఇంకో వైపుకి మారితే తప్పు యాంప్లిఫయర్‌ది. అదే స్పీకరు మూగగా ఉంటే తప్పు వైరుదో స్పీకరుదో. గోడ గడియారంలో వేసే 1.5 ఓల్టుల సెల్లుని స్పీకరు పిన్నులకి ఒక్క క్షణం తాకించండి. "టుక్" మంటే కాయిల్ బతికే ఉంది. మల్టీమీటరుంటే 8 ఓమ్స్ స్పీకరు ఐదున్నర నుంచి ఏడు దాకా, 4 ఓమ్స్‌ది మూడు, మూడున్నర చూపాలి.

తక్కువ వాల్యూములో మూగగా ఉండి, గట్టిగా పెంచితే ఠక్కున మోగడం మొదలైతే లోపల రిలే (దానంతటదే పడే స్విచ్చి) కాంటాక్టులు మాసిపోయాయన్నమాట. సముద్రతీరంలో ఇది మామూలే. తక్కువ ఖర్చుతో పోతుంది.

ఊఁ... అని హమ్ ఆగట్లేదు. యాంప్ మార్చేయమంటన్నారు.

ముందు కేబులు టీవీ వైరు గానీ డిష్ వైరు గానీ సెట్‌టాప్ బాక్సు నుంచి పీకి చూడండి. హమ్ ఆగిందా, అది గ్రౌండ్ లూపు, అంటే పరికరాల ఎర్త్ ఒకటికి మించి దారుల్లో కలవడం. టీవీ, బాక్సు, యాంప్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. చాలకపోతే టీవీ నుంచి యాంప్‌కి ఆప్టికల్ కేబులు వేయండి, అందులో వెళ్లేది వెలుగే కాబట్టి హమ్ దాటలేదు. మూడో పిన్ను విరిచేయడం మాత్రం వద్దు. హమ్ పోతుంది, షాకు మిగులుతుంది.

అన్నీ పీకి స్పీకర్లు మాత్రమే ఉంచినా హమ్ ఉంటే, వాల్యూమ్ తగ్గించినా అది తగ్గకపోతే, కరెంటుని నిలకడ చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి. పైభాగం ఉబ్బి కనిపిస్తాయి. అదే మైక్రోఫారడ్లు, అంతే లేదా అంతకంటే ఎక్కువ ఓల్టేజి, 105 డిగ్రీల రకం వేయమని మెకానిక్కుకి చెప్పండి. యాంప్లిఫయర్ ఇంకో పదేళ్లు పనిచేయొచ్చు.

ఊఫర్ చుట్టూ స్పాంజి పొడిపొడిగా రాలిపోతంది.

ఫోమ్ అంచు పది, పదిహేనేళ్లకి ఇలా రాలడం సహజం. ఉక్కపోత ఉన్న చోట ఇంకా ముందే. కోను, కాయిల్ బాగుంటే అంచు మాత్రం మార్చొచ్చు. కోనుని రెండు చేతుల వేళ్లతో సమానంగా లోపలికి నొక్కండి, గీసుకున్న చప్పుడు లేకపోతే కాయిల్ తిన్నగా ఉన్నట్టు. కొత్త అంచు రబ్బరుది వేయించుకుంటే మంచిది. రాలుతున్న అంచుతో గట్టిగా మోగించకండి, కోను ఒరిగి కాయిల్ రాసుకుంటే రెండు వందల పని రెండు వేలవుతుంది.

టీవీలో సౌండు వస్తంది, బొమ్మ లేదు.

గది చీకటి చేసి, ఫోను టార్చి తెరకి ఆనించి ఏటవాలుగా వేయండి. లీలగా బొమ్మ కదలడం కనిపిస్తే పోయింది వెనక వెలుగిచ్చే ఎల్ఈడీ పట్టీలే. ప్యానెల్ బతికుంది, కాబట్టి బాగు చేయించొచ్చు. పట్టీలు మొత్తం మార్పించండి, ఒక్క బల్బే మారిస్తే నెలకి పక్కది పోతుంది. బాగయ్యాక బ్యాక్‌లైట్ సెట్టింగు 60, 70 శాతానికి దించండి. టార్చి వేసినా ఏమీ కనబడకపోయినా, నిలువు గీతలున్నా, మూల నుంచి సిరా ఒలికినట్టున్నా ప్యానెల్‌ది. దాని ధర దాదాపు కొత్త టీవీ ధరే.

వాల్యూమ్ తిప్పితే గరగర.

కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి, నాబు ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. కొబ్బరినూనె వేయకండి. వేసేవాళ్లు ఉన్నారు కాబట్టే చెబుతున్నాం.

తుఫానుకి నీళ్లు చేరి తడిసింది. ఆరాక ఆన్ చేయొచ్చా?

బయట ఆరినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు. ప్లగ్గు తీసి, మూత విప్పగలిగినదైతే మెకానిక్కుతో విప్పించి, ఫ్యాను కింద కనీసం నాలుగైదు రోజులు ఉంచాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్కు వంకరపోతుంది. ఉప్పు కలిసిన వరద నీరైతే ఆరబెట్టడం ఒక్కటే చాలదు, బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. లేకపోతే ఇవాళ పనిచేసినా రెండు నెలల్లో రాగి గీతల్ని ఉప్పు తినేస్తుంది. పార్టికల్ బోర్డు డబ్బా ఉబ్బిన స్పీకర్లలోంచి డ్రైవర్లు మాత్రం విప్పి దాచుకోండి.

## దేన్ని ముందు మార్చాలి

టీవీ ముందా, సౌండు ముందా?

ఇప్పటికీ టీవీ స్పీకర్లతోనే వింటుంటే సౌండే ముందు. సన్నటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో చూస్తుంటాయి, వాటిలో మాట నలుగుతుంది. సౌండు సెట్టు ఒకటి ఉండి, టీవీ 32 అంగుళాలే అయితే టీవీ ముందు. రెండూ ఫర్వాలేదు, యాప్‌లే పనిచేయట్లేదంటే రెండూ వద్దు, నాలుగైదు వేలలో ఒక స్ట్రీమింగ్ స్టిక్ కొనండి. టీవీ తెర పదేళ్లు బతుకుతుంది, అందులోని సాఫ్ట్‌వేరు నాలుగైదేళ్లకే ముసలిదవుతుంది. ఆ ముసలితనానికి తెరని శిక్షించడం దండగ.

10 వేలుంటే ఏటి కొనాలి? 25 వేలుంటే? 50 వేలుంటే?

10 వేలలో కొత్త 5.1 సెట్టు జోలికి పోకండి. ఆ ధరలో ఐదు స్పీకర్లూ సబ్‌ఊఫరూ ఇచ్చారంటే ప్రతి దాంట్లోనూ కోత పెట్టే ఇచ్చి ఉంటారు. ఉన్నదానికి స్ట్రీమింగ్ స్టిక్, మంచి స్పీకర్ వైరు, ఓల్టేజి కటాఫ్ (ఓల్టేజి ఎక్కువైతే కరెంటు ఆపేసే పరికరం) పెట్టుకోండి. మిగిలింది దాచండి.

25 వేలుంటే రెండు దారులు. పడకగదంత చిన్న చోటుకి విడి సబ్‌ఊఫర్ ఉన్న సౌండ్‌బారు. హాలుకైతే ఐదు నుంచి ఆరున్నర అంగుళాల ఊఫర్ ఉన్న రెండు బుక్‌షెల్ఫ్ (అరలో పట్టే) స్పీకర్లు, ఒక చిన్న స్టీరియో యాంప్లిఫయర్. రెండో దారిలో ఇప్పుడు కొన్నది రేపు 5.1కి ముందు జతగా మిగులుతుంది. మాకైతే అదే నచ్చుతుంది.

50 వేలుంటే, ముందు జత ఇప్పటికే ఉంటే రిసీవరు, దానికి తగ్గ మధ్య స్పీకరు, తర్వాత సబ్‌ఊఫరు. వెనక స్పీకర్లు ఆఖరున. సినిమాలో వెనక చానళ్లు మోగేది తక్కువసేపు, మాట మోగేది సినిమా అంతా. ఎంత డబ్బున్నా పదో వంతు వైర్లకీ కరెంటు రక్షణకీ పక్కన పెట్టండి.

నా పాత రిసీవరులోంచి 4కే బొమ్మ వెళ్లట్లేదు. మార్చాల్సిందేనా?

అక్కర్లేదు. బొమ్మని టీవీకి నేరుగా పంపి, సౌండుని మాత్రం వెనక్కి రిసీవరుకి తెప్పించుకోండి. స్టిక్, సెట్‌టాప్ బాక్సు టీవీలో పెట్టండి. టీవీ నుంచి రిసీవరుకి ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐలోనే టీవీ సౌండుని వెనక్కి పంపే దారి) ఉంటే హెచ్‌డీఎంఐ, లేకపోతే ఆప్టికల్ కేబులు. 4కే సినిమాలకి హెచ్‌డీసీపీ 2.2 అనే తాళం ఉంటుంది. పాత రిసీవరుకి ఆ తాళంచెవి లేదు కాబట్టి బొమ్మ నల్లబడుతుంది, లేదా ఫుల్ హెచ్‌డీకి దిగుతుంది. దారి మారిస్తే సమస్యే లేదు.

ఒక మెలిక: కొన్ని పాత టీవీలు హెచ్‌డీఎంఐలోంచి వచ్చిన 5.1ని ఆప్టికల్‌లో రెండు చానళ్లుగా కుదించి పంపుతాయి, సొంత యాప్‌ల 5.1ని మాత్రమే యథాతథంగా పంపుతాయి. అలాంటి టీవీ అయితే స్టిక్‌ని రిసీవరులోనే పెట్టి ఫుల్ హెచ్‌డీతో చూడటం మేలు.

ఏఆర్‌సీ, ఈఏఆర్‌సీ, ఆప్టికల్... దేనికోసం డబ్బు పెట్టాలి?

ఆప్టికల్‌లో రెండు చానళ్ల మామూలు సౌండు (పీసీఎం) గానీ, మామూలు డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 గానీ వెళ్తాయి. ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. అందులో డాల్బీ డిజిటల్ ప్లస్ కూడా వెళ్లగలదు, ఓటీటీల అట్మాస్ (పైనుంచి కూడా సౌండు వినిపించే పద్ధతి) వచ్చేది ఆ రూపంలోనే. దాని కొత్త రూపం ఈఏఆర్‌సీ 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది. అది బ్లూ-రే డిస్కుల్లోని కుదించని సౌండుని మోయగలదు. డిస్కులు చూడని ఇంట్లో ఈఏఆర్‌సీ కోసం టీవీ మార్చడం అనవసరం.

ఏఆర్‌సీ పనిచేయకపోతే మూడు చూడండి: టీవీలో ఏఆర్‌సీ అని రాసిన పోర్టులోనే పెట్టారా, రెండు పరికరాల్లోనూ సీఈసీ (పరికరాలు హెచ్‌డీఎంఐలో ఒకదాన్నొకటి నడిపించే సెట్టింగు) ఆన్‌లో ఉందా, సౌండ్ ఔట్‌పుట్ బయటి స్పీకర్లకి మార్చారా. సీఈసీని శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అంటారు.

ఒకే డబ్బాలో అన్నీ కలిపి వచ్చిన హోమ్ థియేటర్ పోయింది, దాని స్పీకర్లు బాగున్నాయి. కొత్త రిసీవరుకి తగిలించొచ్చా?

వెనక స్టిక్కరు చదవండి. 3 లేదా 4 ఓమ్స్ అని ఉంటే, కొత్త రిసీవరు 6 నుంచి 16 ఓమ్స్ అంటుంటే, గట్టిగా మోగిస్తే అది వేడెక్కి ఆగిపోతుంది. తక్కువ వాల్యూములో వెనక స్పీకర్లుగా వాడుకోవచ్చు. ఆ సబ్‌ఊఫర్ చాలావాటిలో సొంత యాంప్లిఫయర్ లేనిది, కాబట్టి రిసీవరు సబ్ ఔట్‌కి పెడితే మోగదు.

అట్మాస్ లేకపోతే వెనకబడినట్టేనా?

కాదు. మంచి 3.1 (ముందు మూడు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్) ముందు, నాసిరకం 5.1.2 (5.1కి పైన ఇంకో రెండు) వెలవెలబోతుంది. మధ్యతరగతి హాల్లో అట్మాస్ చివరి మెట్టు.

## కొనేటప్పుడు

దసరాకి కొనాలా, సంక్రాంతికా, ఎప్పుడైనా ఒకటేనా?

టీవీలకి కాలం ఉంది. కంపెనీలు ఏటా కొత్త మోడళ్లు దించుతాయి, ఎక్కువగా వేసవికి. అప్పుడు పాత మోడల్ సరుకు వదిలించుకోడానికి తగ్గిస్తారు. దసరా, దీపావళి ఆఫర్లు రెండో అదను. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాతి మంగళవారం, ఆ వారం బజారులో కూర్చుని వినే వీలుండదు. ముందే వెళ్లి విని, మోడల్ నంబరు రాసుకుని, ఆఫర్ రోజుల్లో ధర మాత్రం అడగండి. రిసీవర్లూ స్పీకర్లూ అంత త్వరగా మారవు, రెండేళ్ల కిందటి మోడలైనా నష్టం లేదు.

పన్ను సంగతి: 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. పాత ధర చూపించి "తగ్గింపు" అనే బోర్డు పెడితే అందులో ఎంత పన్ను తగ్గుదల, ఎంత దుకాణం తగ్గింపు అని విడదీసి అడగండి.

ఇంకో స్థానిక సంగతి. ఫైలిన్ 2013, హుద్‌హుద్ 2014, తిత్లీ 2018, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. పండక్కి కొన్న పెట్టెకి ఓల్టేజి రక్షణ అదే రోజు కొనడం మన జిల్లాల్లో అతి జాగ్రత్త కాదు.

సెకండ్ హ్యాండ్ చూడ్డానికి వెళ్తే ఏం తీసుకెళ్లాలి, ఏం చూడాలి?

మీకు బాగా తెలిసిన పాటలున్న ఫోను, ఆక్స్ కేబులు, హెచ్‌డీఎంఐ కేబులు, టార్చి. యాంప్లిఫయర్‌ని కనీసం అరగంట మోగనివ్వండి, వేడెక్కాకే తప్పులు బయటపడతాయి. అన్ని ఇన్‌పుట్లూ మార్చి చూడండి. హెచ్‌డీఎంఐ పోర్టులు ఒక్కొక్కటీ పరీక్షించండి, పిడుగులకి ముందు పోయేవి అవే. మూతలో టార్చి వేసి తుప్పు, పచ్చటి చిలుము, బల్లి రెట్టలు ఉన్నాయేమో చూడండి. స్పీకరు మీద గుడ్డ తీయించి కోను చూడండి. రిమోటు, మైకు ఉన్నాయా అడగండి. ఆటో సెటప్ మైకు (గదికి తగ్గట్టు స్పీకర్లని సరిచేసేది) లేని రిసీవరుకి ధర తగ్గించి అడగడం న్యాయం. సౌండ్‌బారు సెకండ్ హ్యాండ్‌లో కొనకపోవడమే మంచిది.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి మనవాళ్లు తెస్తానంటన్నారు. తెప్పించుకోవచ్చా?

ఉద్దానం, ఇచ్ఛాపురం వైపు ఈ ప్రశ్న ఎక్కువ. దుబాయి, ఖతార్, కువైట్ కరెంటు మన ఓల్టేజికి దగ్గరే, ప్లగ్గు మాత్రం మూడు చదును పిన్నులది, మార్పించాలి. అమెరికాది 120 ఓల్టులు. వెనక 100-240 అని రాసి ఉంటే ఇబ్బంది లేదు, 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టగానే పొగ వస్తుంది. రిసీవరుకి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ దాని వాట్లకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఆ బరువు, ఆ ఖర్చు కలిపితే లాభం మిగలదు. డిస్క్ ప్లేయర్లకి ప్రాంతం తాళం ఉంటుంది: డీవీడీలకి గల్ఫ్ 2, మనం 5. బ్లూ-రేకి గల్ఫ్ బీ, మనం సీ. గ్యారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కాగితం మీద చూశాకే ఊఁ అనండి.

స్పీకర్ వైరు ఏది, ఎంత?

20 అడుగుల లోపు 8 ఓమ్స్ స్పీకరుకి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. అంతకు మించిన దూరానికి, 4 ఓమ్స్‌కి 2.5. కొనేముందు ఒక పోగుని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా ఉంటే రాగి పూత పూసిన అల్యూమినియం. మన తీరంలో అది ఇంకా త్వరగా పాడవుతుంది. ఎడమ, కుడి వైర్లు ఒకే పొడవు తీసుకోండి. వేలకు వేలు పోసే బ్రాండు వైర్లతో పనిలేదు.

## ఇంటికి తెచ్చాక

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా "టప్" మంటంది, ఏటి చెయ్యాలి?

మన పెట్టెల్ని చంపేది లో ఓల్టేజి కాదు, హై ఓల్టేజి. తుఫాను గాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 230 బదులు 400 దాకా రావచ్చు. మామూలు స్పైక్ గార్డు దానికి నిలవదు. హై ఓల్టేజికి కటాఫ్ అయి, కరెంటు వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఇచ్చే పరికరం కావాలి. పరికరం వెనక 100-240 అని ఉంటే స్టెబిలైజరు అక్కర్లేదు, కటాఫ్ చాలు. 230 అని మాత్రమే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ యాంప్లిఫయర్‌కి స్టెబిలైజరు ఉపయోగం.

మల్టీమీటరుతో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి, రెండు మూడు ఓల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. తీరంలో ఎర్త్ పైపు తుప్పు పట్టి తెగిపోయినా పైకి తెలియదు. వేసవిలో ఎర్త్ గుంటలో నీళ్లు పోయండి. ఉరుము వినగానే ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా పీకాలి, చాలామంది ప్లగ్గు ఒక్కటే పీకుతారు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద యాంప్లిఫయర్ నడపకండి, గుయ్యిమంటూ వేడెక్కుతుంది.

సముద్రానికి దగ్గర ఇల్లు. ఏడాదికే పిన్నులు పచ్చబడతన్నాయి.

కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఇది తప్పదు, తగ్గించుకోవచ్చు. ఆరు నెలలకోసారి వైరు కొస సెంటీమీటరు కత్తిరించి కొత్త రాగి ఒలవండి. కొసలకి బంగారు పూత బనానా పిన్నులు బిగిస్తే గాలి తక్కువ తగులుతుంది. వాడని పోర్టులకి రబ్బరు మూతలు పెట్టండి. వానాకాలంలో మూడు రోజులకోసారి అరగంటైనా ఆన్ చేయండి, లోపలి వేడే తేమని తరిమేస్తుంది. నెలల తరబడి దుప్పటి కప్పి ఉంచిన సెట్టే ముందు పాడవుతుంది. స్పీకరు గుడ్డ బూజు పట్టి మార్చాల్సి వస్తే నోటి దగ్గర పెట్టి ఊదండి, ఊపిరి సులువుగా దాటితే సౌండూ దాటుతుంది. పొందూరు సన్న నూలు ఖాదీ ఈ పరీక్షకి చక్కగా నిలుస్తుంది.

సబ్‌ఊఫర్ ఎక్కడ పెట్టాలి? ఒక మూల ధన్‌ధన్‌మంటంది, ఇంకో మూల అసలు వినబడదు.

సబ్‌ఊఫర్‌ని మీరు కూర్చునే చోట సోఫా మీదే పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేయండి. గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఎక్కడ బేస్ గట్టిగా కాకుండా తిన్నగా వినిపిస్తే సబ్‌ఊఫర్ అక్కడికి. పిల్లలు నవ్వుతారు, ఫర్వాలేదు. తర్వాత రిసీవరులో క్రాసోవర్ (ఎంత కింది బేస్ సబ్‌ఊఫర్‌కి వెళ్లాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టి, సబ్‌ఊఫర్ మీది క్రాసోవర్ నాబు పూర్తిగా పైకి తిప్పేయండి. ఫేజ్ స్విచ్చి 0లో, 180లో విని ఏది నిండుగా ఉంటే దానిలో వదిలేయండి.

షోకేసు అరలో రిసీవరు కాలిపోతన్నంత వేడి.

పైన కనీసం 4 అంగుళాలు, పక్కలా వెనకా 2 అంగుళాల ఖాళీ ఉండాలి. దాని నెత్తిన సెట్‌టాప్ బాక్సు పెట్టకండి. అర వెనక చెక్కకి అరచేతి వెడల్పు రంధ్రాలు రెండు కోయించి, దోమల జాలీ బిగించండి. రంధ్రం లేకపోతే వేడి, జాలీ లేకపోతే బల్లులు. పవర్ బోర్డు వెచ్చదనానికి చేరిన బల్లి రెండు పిన్నుల మధ్య పడి షార్టయితే బోర్డు పోయినట్టే.

కొత్తది వచ్చింది. పాతది ఏం చేయాలి?

కనీసం రెండు నెలలు ఉంచండి. కొత్తదాంట్లో తొలి లోపాలు బయటపడేది అప్పుడే, సర్వీసుకి విశాఖ పంపితే ఈలోగా ఇంట్లో పాతదే దిక్కు. ఎక్స్‌ఛేంజికి ఇచ్చేముందు బయట అమ్మితే ఎంతొస్తుందో కనుక్కోండి, చాలాసార్లు స్పీకర్లు విడిగా అమ్మితేనే ఎక్కువ. స్మార్ట్ టీవీ, స్టిక్ ఇచ్చేముందు ఖాతాలన్నీ లాగౌట్ చేసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. పూర్తిగా పోయినవాటిని పాత ఇనుప సామాన్లకి వేయకుండా, కొత్తది కొన్న దుకాణంలోనే ఈ-వ్యర్థాలుగా తీసుకుంటారేమో అడగండి. రిమోటులోని సెల్లులు మాత్రం ముందే తీసేయండి.